కొండదారిలో ఎదురొచ్చే స్ప్లెండర్

శుక్రవారం రాత్రి ఔటర్ రింగ్ రోడ్డు దాటి నాగ్‌పూర్ హైవే ఎక్కే బైక్ బృందాలు హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా పెరుగుతూనే ఉన్నాయి. ఒకప్పుడు ఈ ప్రయాణాలు కుంటాల జలపాతం దగ్గరో, ఏదో ఒక డ్యామ్ కట్ట మీదో ముగిసేవి. ఇప్పుడు చాలామంది తారు రోడ్డు ఎక్కడ ఆగిపోతుందా అని వెతుక్కుంటూ వెళుతున్నారు. ఉట్నూరు దాటి జైనూరు, కెరమెరి మండలాల గోండు, కొలాం గూడేల వైపు కొందరు, మన్ననూరు మీదుగా నల్లమల లోపలికి కొందరు, సెలవులు కలిసొస్తే భద్రాచలం, చింతూరు, మారేడుమిల్లి మీదుగా పాడేరు ఏజెన్సీ దాకా ఇంకొందరు వెళుతున్నారు. నేనూ ఆ కోవలోని వాడినే కాబట్టి ఈ సరదాను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. అయితే మనం సాహసానికి వేదికగా చూసే ఆ మట్టి బాట ఒక ఊరికి ఉన్న ఒకే ఒక్క రోడ్డు. ఈ సంగతిని నిజంగా లెక్కలోకి తీసుకుంటే ఏ బండి మీద, ఏ కాలంలో, ఎంతమందితో, ఎక్కడిదాకా వెళ్లాలన్న ప్రశ్నలకు మన బృందాల్లో సాధారణంగా వినిపించే జవాబులు చాలావరకు నిలవవు.

ముందుగా బండి సంగతి చూద్దాం. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2016లో హిమాలయన్‌ను, హీరో 2019లో ఎక్స్‌పల్స్ 200ను తెచ్చాక మధ్యతరగతి ఉద్యోగికి కూడా మట్టిదారికి పనికొచ్చే బండి అందుబాటులోకి వచ్చింది. రెండింటి తొలి మోడళ్లకూ నేల నుంచి ఇంజిన్ అడుగు దాకా 220 మిల్లీమీటర్ల ఎత్తు, 21 అంగుళాల ముందు చక్రం ఉన్నాయి. ఎక్స్‌పల్స్ బరువు 150 కిలోలు దాటుతుంది, హిమాలయన్ 200 కిలోలకు దగ్గరగా ఉంటుంది. వీటికి సామాన్ల సంచులు, టెంటు, అదనపు పెట్రోలు డబ్బా తోడవుతాయి. అదే బాటలో ఎదురొచ్చే స్ప్లెండర్ 110 కిలోల పైచిలుకు బండి. దాని మీద తరచూ ముగ్గురు ఉంటారు, లేదా ఇద్దరి మధ్య ఒక బియ్యం బస్తా ఉంటుంది. నడిపే కుర్రాడు మొదటి గేరులో, రెండు కాళ్లూ నేలకు ఆనిస్తూ, ఏ రాయి కదులుతుందో ఏది కదలదో ముందే తెలిసినవాడిలా దిగిపోతాడు. మనం ఫుట్‌పెగ్‌ల మీద నిలబడి, టైర్లలో గాలి తగ్గించి, బ్రేకు వేస్తే వెనక చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ను ఆపేసి అదే దిగుడును దాటి విజయగర్వంతో ఫొటో తీసుకుంటాం. కొండదారికి గొప్ప బండి కావాలన్న నమ్మకంలో సగాన్ని కంపెనీల ప్రకటనలే పెంచాయని నా అభిప్రాయం. దారి తెలిసినవాడికి వంద సీసీ సరిపోతుంది, తెలియనివాడికి బరువైన బండి రెట్టింపు ప్రమాదం. ఏటవాలులో పడిపోయిన 200 కిలోల బండిని ఒంటరిగా లేపాల్సి వచ్చినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

అసలు ఆ బాట ఇంకా మట్టిగానే ఎందుకు మిగిలిందన్న ప్రశ్న మన సంభాషణల్లో రానే రాదు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. మైదానాల్లో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది జనాభా ఉన్న ఆవాసాలకు రోడ్డు వేయాలన్నది దాని ప్రమాణం. ఇరవై ముప్పై ఇళ్ల కొలాం గూడెం, పది పదిహేను కుటుంబాల చెంచు పెంట ఆ లెక్కలో ఎక్కడా చేరవు. మరీ వెనుకబడిన గిరిజన తెగల కోసం 2023 నవంబరు 15న ప్రారంభించిన పీఎం జన్‌మన్ పథకంలో ఈ పరిమితిని 100కు తగ్గించారు. చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి తెగలు దాని పరిధిలోకి వస్తాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2025లో ‘అడవితల్లి బాట’ పేరుతో గిరిజన గ్రామాల రోడ్ల పనులు చేపట్టింది.

జనాభా అడ్డంకి తొలగినా అడవి అడ్డంకి మిగులుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం రోడ్డుతో సహా 13 రకాల సౌకర్యాలకు గ్రామసభ సిఫారసుపై అటవీ భూమిని వాడుకోనిస్తుంది. కానీ ఒక్కో పనికి హెక్టారు కంటే తక్కువ భూమే వాడాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. నాలుగు మీటర్ల వెడల్పుతో రోడ్డు వేస్తే ఒక హెక్టారు రెండున్నర కిలోమీటర్లకే అయిపోతుంది. గూడెం పది కిలోమీటర్ల లోపల ఉంటే ఆ దారి సరిపోదు, 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతులకు వెళ్లాల్సిందే. పులుల అభయారణ్యమైతే ఇంకొన్ని మెట్లు అదనం. ‘ఇంకా చెక్కుచెదరని’ బాట అని మనం మురిసిపోయేది చాలాచోట్ల ఆఫీసుల మధ్య తిరుగుతున్న ఒక ఫైలు ఫలితం.

ఈలోగా ఆ బాటను బాగుచేసుకునేది ఎవరంటే ఊరివాళ్లే. వానలు వెనక్కి తగ్గాక గడ్డపారలు, తట్టలు పట్టుకుని ఇంటికొకరు చొప్పున బయల్దేరి, కొట్టుకుపోయిన చోట రాళ్లు పేర్చి మట్టి పోసుకుంటారు. పాడేరు ఏజెన్సీలో చందాలు వేసుకుని కొండను తవ్వి దారి వేసుకున్న గ్రామాల వార్తలు తరచూ చదువుతూనే ఉన్నాం. ఆ శ్రమను తలుచుకుంటే కాలం గురించిన ప్రశ్న సూటిగా ఎదురవుతుంది. మన బృందాలకు అన్నిటికన్నా ఇష్టమైనది వానాకాలం. కొండలు పచ్చబడతాయి, మబ్బులు కిందికి దిగుతాయి, బురదలో బండి నడపడం ఒక పరీక్షలా ఉంటుంది. సరిగ్గా ఆ మూడు నెలలే బాట అన్నిటికన్నా బలహీనంగా ఉండే కాలం.

ఆదిలాబాద్ నల్లరేగడిలో ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. తడిసిన రేగడిలో వంద గజాలు వెళ్లేసరికి టైరు గళ్లన్నీ మట్టితో నిండి చక్రం నున్నగా మారిపోతుంది. మరికొంత దూరం వెళితే మడ్‌గార్డ్‌కూ టైరుకూ మధ్య మట్టి కూరుకుపోయి ముందు చక్రం తిరగడం మానేస్తుంది. ఊరివాళ్లు బండి ఆపి పుల్లతో గీకి ముందుకెళతారు. ముందు మడ్‌గార్డ్ విప్పేసిన బండ్లు కూడా అక్కడ కనిపిస్తాయి. ఎక్స్‌పల్స్ లాంటి బండ్లకు ఆ రేకును టైరుకు అంత ఎత్తున బిగించడానికి కారణం ఇదే. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఆ బండికి ఉన్న శక్తి వల్లే, ఇరుక్కున్న చోట నడిపేవాడు యాక్సిలరేటర్ తిప్పుతాడు, ముళ్ల టైరు అక్కడే గిర్రున తిరిగి జానెడు లోతు గాడి తీస్తుంది. వెనక వచ్చే ఎనిమిది బండ్లు ఆ గాడినే పట్టుకుని పైకెక్కుతాయి. ఏటవాలు మీద ఒకసారి గాడి పడితే వాన నీరు బాట పక్కకు జారదు, గాడి వెంబడి నిలువునా పారుతుంది. మట్టిని కోసుకుంటూ, గులకరాళ్లను బయటపెట్టుకుంటూ, సీజను ముగిసేసరికి దాన్ని చిన్న కాలువగా మార్చేస్తుంది. తూర్పు కనుమల ఎర్రమట్టి వాలుల్లో ఈ కోత మరీ వేగంగా జరుగుతుంది.

ట్రాక్టర్లూ జీపులూ గాళ్లు పెట్టవా అని ఎవరైనా అడగవచ్చు. పెడతాయి, మన బండ్ల కన్నా పెద్దవే పెడతాయి. కానీ అవి ఎరువు బస్తాలనో, సంతకు వెళ్లే మనుషులనో ఎక్కించుకుని వస్తాయి. పైగా రెండు వారాలు గట్టి వాన పడితే జీపు యజమానే బండిని రోడ్డు దగ్గర ఆపేసి ఊళ్లోకి నడిచి వెళతాడు. దారి మీద ఆ మాత్రం దయ మనకు ఉండకపోవడానికి కారణం, వచ్చే ఆదివారం మనం ఇంకో కొండకు వెళ్లిపోతుండటమే. అక్టోబరు దాకా ఆగితే ఏమీ పోదు. అప్పుడు వాగులు తగ్గుతాయి, మట్టి గట్టిపడుతుంది, పచ్చదనం ఇంకా ఉంటుంది. దీపావళి రోజుల్లో గోండు గూడేల్లో దండారి నృత్యోత్సవం కూడా మొదలవుతుంది. అయితే అందులో నెమలి ఈకల టోపీతో ఆడే గుస్సాడీ వేషం వేసినవాళ్లు దీక్షలో ఉంటారు. భుజం మీద చెయ్యి వేసి సెల్ఫీ అడగడం అక్కడ మర్యాద కాదు.

అపరిచితుడు బండి మీద ఊళ్లోకి రావడం ఆ గూడేలకు కొత్తేమీ కాదు. దశాబ్దాలుగా అలా వచ్చినవాళ్లు ఎవరో గుర్తుచేసుకుంటే, మనం ఆగగానే కొందరు ఎందుకు లోపలికి వెళ్లిపోతారో అర్థమవుతుంది. అప్పు వసూలుకు వచ్చిన సావుకారు, పోడు భూమి మీద కేసు రాయడానికి వచ్చిన అటవీ సిబ్బంది, అన్నల గురించి ఆరా తీయడానికి వచ్చిన పోలీసు, విశాఖ మన్యంలో అయితే గంజాయి దళారి. హెల్మెట్ తీయకుండా, కెమెరా వెలుగుతుండగా ఊరి నడుమకు దూసుకొచ్చే మనిషి ఆ వరుసలో ఎవరిలా కనిపిస్తాడో అతనికి తెలియదు. 1940ల్లో నిజాం ప్రభుత్వం తరఫున ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో నివాసం పెట్టుకున్నాడు, గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం కూడా అక్కడే మొదలైంది. ఆయన భార్య బెట్టీ సమాధి నేటికీ ఆ ఊళ్లోనే ఉంది. రెండు రోజుల సెలవు మీద వెళ్లేవారు అంత చేయాలని ఎవరూ అనరు. ఊరి మొదట్లోనే ఇంజిన్ ఆపి, బండి తోసుకుంటూ వెళ్లి, పట్లా (ఊరిపెద్ద) ఇల్లు ఎక్కడని అడిగి, రామ్ రామ్ చెప్పి కూర్చోవడానికి పది నిమిషాలు చాలు.

డబ్బు సంగతి అంత తేలికైనది కాదు. మనం వెళితే ఊరికి ఆదాయం వస్తుందన్న మాట తరచూ వింటుంటాం. కానీ తిండి హైవే డాబాలో, పడక మండల కేంద్రంలోని లాడ్జిలో, టెంట్ల బుకింగ్ నగరంలోని ఏజెంటు దగ్గర అయ్యేటప్పుడు గూడేనికి మిగిలేది ఖాళీ నీళ్ల సీసాలే. ఇంకో చిన్న విషయం నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతోంది. లోపలి ఊళ్లలో కిరాణా కొట్టు ముందు కూల్‌డ్రింకు సీసాల్లో పెట్రోలు అమ్ముతారు. బంకు ధర కన్నా ఎక్కువే, అయినా మనకు అది చవకే, కాబట్టి ఉన్న నాలుగు సీసాలూ ట్యాంకులో పోయించుకుని బయల్దేరుతాం. ఆ రాత్రి ఎవరికైనా పాము కరిస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన బండికి పెట్రోలు ఆ సీసాల్లోదే. ఉట్నూరులోనో, మన్ననూరులోనో ట్యాంకు నింపుకుని, లోపల వంద కిలోమీటర్లు తిరిగి వచ్చేంత ఇంధనం చూసుకోవడం నగరం నుంచి వెళ్లేవాడి బాధ్యత. లోపల కొనాల్సింది చిరుధాన్యాలు, తేనె, వెదురు బుట్టలు, భోజనం. అదీ సంత రోజున అయితే మరీ మంచిది. కాకపోతే ఆ రోజు బాట నిండా మనుషులూ పశువులూ ఉంటారు కాబట్టి, మధ్యాహ్నం దాకా బండి పక్కన పెట్టి నడవడమే మేలు.

చోటు పేరు, మ్యాప్ లింకు పంచుకునే విషయంలో మన వర్గంలో అభిప్రాయభేదాలు ఉన్నాయి. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీది మబ్బుల వీడియోలు సామాజిక మాధ్యమాల్లో పాకాక అక్కడ తెల్లవారుజాము రద్దీ ఎలా మారిందో, మారేడుమిల్లి పైన గుడిస గడ్డి మైదానాల్లో ప్లాస్టిక్ ఎలా పేరుకుందో చూశాం. అందరికీ కొండ చూసే హక్కు ఉంది, నిజమే. కానీ లింకు పంచినవాడు ఆ రద్దీని మోయడు. నల్లమలలో అయితే చట్టమే అడ్డు నిలుస్తుంది. శ్రీశైలం రహదారిపై అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలు ఆపేస్తారు. ప్రధాన రహదారి దిగి అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి బాటల్లోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. అప్పాపూర్ వంటి పెంటల్లో ఉండే చెంచులు ఆ బాటలో రోజూ తిరుగుతున్నారు కాబట్టి మనమూ తిరగవచ్చు అనే వాదన విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. వాళ్లది ఇల్లు, మనది ఆదివారం.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, తారు పడ్డాక ఆ దారి ‘పాడైపోయింది’ అనేది. జోడేఘాట్ గురించి ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. జల్, జంగల్, జమీన్ కోసం పోరాడి కుమ్రం భీం 1940లో నేలకొరిగిన ఆ కొండకు ఇప్పుడు తారు రోడ్డు ఉంది, మ్యూజియం ఉంది, బస్సుల్లో జనం వస్తారు. మట్టిదారిలో వెళ్లిన అనుభూతి పోయిందని బాధపడటం సహజమే కావచ్చు, దాన్ని నష్టంగా లెక్కగట్టడం మాత్రం అన్యాయం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చే వార్త ఇంకా ఆగలేదు. నాలుగు చక్రాల అంబులెన్సు వెళ్లలేని చోట్ల కోసం ఆంధ్రప్రదేశ్‌లో 2018లో బైక్ అంబులెన్సులు ప్రవేశపెట్టాల్సి వచ్చింది. పురిటి నొప్పులతో ఉన్న మనిషిని తీసుకెళ్లే ఆ బైకుకు ఒక్కో గాడీ ఒక్కో కుదుపు. మట్టిదారి ప్రేమికులుగా మనం కోరుకోవాల్సింది మన సరదా దారులు ఒక్కొక్కటిగా మాయం కావాలనే. సాహసం కావాలంటే బైక్ పరుగుకే కేటాయించిన ప్రైవేటు ట్రాక్‌లు ఉన్నాయి, వాటికి రుసుము కట్టి ఎంత గాడి కావాలంటే అంత తీయవచ్చు.

అప్పటిదాకా మన దగ్గర ఊరికి పనికొచ్చేది ఒకటి ఉంది. ప్రతి మలుపునూ జీపీఎస్‌లో నమోదు చేస్తాం, కూలిన కల్వర్టునూ కొట్టుకుపోయిన కాజ్‌వేనూ తేదీతో సహా ఫొటో తీస్తాం. గ్రామ సడక్ యోజన రోడ్ల మీద ఫిర్యాదుల కోసం కేంద్రం 2015లో తెచ్చిన ‘మేరీ సడక్’ యాప్‌కు కావాల్సింది సరిగ్గా అదే సమాచారం. సెల్ సిగ్నల్ లేని గూడెం నుంచి దాన్ని పంపడం కష్టం, హైదరాబాద్ చేరాక మనకు ఐదు నిమిషాల పని. ఆ రోడ్డు ఏ పథకం జాబితాలోనూ లేకపోతే యాప్ ఉపయోగపడదు. అప్పుడు ఆ ఫొటోలు, ఆ దూరాల లెక్క గ్రామసభ తీర్మానంతో కలిసి గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఇంజినీర్ల బల్ల మీదికి చేరాలి. తీర్మానం ఎప్పుడు చేయాలో, అందులో ఏం రాయాలో ఊరు నిర్ణయించుకుంటుంది. వాళ్లు అడిగినప్పుడు ఇవ్వడానికి ఫైళ్లు సిద్ధంగా ఉంచుకోవడం వరకే మన పని.