ఈ పాఠం ఇంటి దగ్గర చదువుకోండి

సైన్సు మాస్టార్లలో ఒక వర్గానికి ఘనంగా సన్మానం చేయాలని నా చిరకాల కోరిక. నోట్లో పెట్టుకున్న ముద్దను పెద్దపేగు చివరిదాకా ఓపిగ్గా సాగనంపి, మూత్రపిండంలో ప్రతి నాళికనూ పేరుపెట్టి పలకరించి, మూత్రాశయం దాటి ప్రత్యుత్పత్తి పాఠం రాగానే టక్కున పుస్తకం మూసేసే మహానుభావులు వీళ్లు. “తర్వాతి పాఠం ఇంటి దగ్గర చదువుకోండి, పరీక్షలో పెద్దగా రాదు” అనేసి అనువంశికతలోకి దూకేస్తారు. మర్నాడు బోర్డు మీద మెండెల్, బఠానీ మొక్కలు. తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు వస్తాయట. ఏ దారిన వస్తాయో మాత్రం అడక్కూడదు. పోస్టులో వస్తాయి కాబోలు.

ఇంటి దగ్గర చదువుకోమంటే ఏ పాఠాన్నీ ఎవరూ చదివిన పాపాన పోలేదు, ఈ ఒక్కటి తప్ప. ఏ కుర్రాడి పుస్తకమైనా బల్ల మీద నిలబెట్టి వదిలేయండి, దానంతట అదే ఆ పేజీ దగ్గర తెరుచుకుంటుంది. అంచులు వేలిముద్రలతో నల్లబడి ఉంటాయి. మిగతా పుస్తకం మాత్రం ఇంకా కొత్త వాసనే.

అరుదుగా ఒక సాహసి పాఠం చెప్పడానికి పూనుకుంటారు. ముందు తలుపులు వేయిస్తారు. అమ్మాయిల్ని పక్క గదికి పంపుతారు, ఎందుకో వాళ్లకూ తెలియదు. అప్పుడు ఒక మందార పువ్వు రంగప్రవేశం చేస్తుంది. కేసరాలు, అండాశయం, పుప్పొడి... మాస్టారి గొంతు గంగాప్రవాహం. పువ్వు అయిపోయాక నుదురు తుడుచుకుని, “మనుషుల్లోనూ ఇంచుమించు ఇంతే” అని ముగిస్తారు. ఆ ‘ఇంచుమించు’లో మానవజాతి మొత్తం ఇమిడిపోయింది. మూడో బెంచీ కుర్రాడు లేచి, “సార్, మరి మనుషుల్లో తేనెటీగ ఎవరు సార్?” అంటాడు. వాణ్ణి బయట నిలబెడతారు. ఆ పీరియడంతటికీ వచ్చిన ఒకే ఒక్క శాస్త్రీయ సందేహం అలా వరండాలో నిలబడి ఉంటుంది. అటుగా వచ్చిన హెడ్మాస్టరు “ఏం చేశావురా?” అని అడిగి, విని, దగ్గుకుంటూ వెళ్లిపోతారు.

చెబితే పిల్లలు పాడైపోతారని పెద్దల భయం. చెప్పిందల్లా చేసేసే పిల్లలే అయితే బీజగణితానికి ఈపాటికి ఒక్కడైనా బానిస కావాలి కదా! స్వీడన్ 1955లోనే ఈ పాఠాన్ని బడుల్లో తప్పనిసరి చేసింది, ఆ దేశం ఇంకా మునిగిపోలేదు. యునెస్కో, ప్రపంచ ఆరోగ్య సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి 2018లో ఇచ్చిన మార్గదర్శకాలైతే, ఈ పాఠాలు విన్నంత మాత్రాన పిల్లలు తొందరపడరని అధ్యయనాలు చూసి మరీ చెప్పాయి. అమెరికాలో “పెళ్లిదాకా ఆగండి” అని మాత్రమే బోధించే 4 కార్యక్రమాలను పరీక్షించి 2007లో నివేదిక ఇచ్చారు. సెక్స్ మొదలుపెట్టినప్పటి సగటు వయసు, బోధ విన్న గుంపులోనూ విననిదాంట్లోనూ 14.9 ఏళ్లే. అంత ధర్మబోధకూ దశాంశం కూడా కదల్లేదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా 9 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలకు హెచ్‌పీవీ అనే వైరస్‌కు టీకా వేయించమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. వేయిస్తాం. ఆ వైరస్ ఎలా అంటుకుంటుందని పిల్ల అడిగితే మళ్లీ మందారమే దిక్కు.

అసలు ఈ సిగ్గెవరిది? మొదటి నెలసరి రక్తం చూసి చచ్చిపోతున్నాననుకుని, బాత్రూం గడియ పెట్టుకుని ఏడ్చే పిల్లదా? నిద్రలో బట్టలు తడిస్తే ఏదో రోగం వచ్చిందని నెలల తరబడి కుమిలిపోయే కుర్రాడిదా? సిగ్గు మనది, బలయ్యేది వాళ్లు. పిల్లల మీద చెయ్యివేసే దుర్మార్గుల్లో ఎక్కువమంది ఇంటికి వచ్చిపోయేవాళ్లే, పిల్లలు నోరారా మామయ్యా అనో సార్ అనో పిలిచేవాళ్లే. అలాంటివాడికి కావలసిన పిల్లల్ని మనం శ్రద్ధగా తయారుచేసి అప్పగిస్తున్నాం. ఒంట్లో ఫలానా చోటు గురించి నోరెత్తడమే తప్పని నేర్చుకున్న పిల్లల్ని. “అమ్మకు చెప్పకు” అని వాడు బెదిరించే శ్రమ కూడా లేదు, ఆ పని మనం ముందే చేసిపెట్టాం. దీనికి సంస్కారమని పేరు!

ఇంత చెప్పినా పేరెంట్స్ మీటింగులో ఒక పెద్దమనిషి లేచి, “మాకెవరు చెప్పారండీ ఇవన్నీ? మేం పెరగలేదా?” అంటాడు. చప్పట్లు కూడా పడతాయి. పెరిగారు సార్, ఎవరు కాదన్నారు? మీతోపాటు అదే క్లాసులో పెరిగినవాళ్లు ఎవరికీ చెప్పుకోలేక ఏమేం దాచుకున్నారో మీకెలా తెలుస్తుంది?