అంతదాకా రాదు సార్!

తెలుగు వచనానికి మన కార్ల సర్వీస్ సెంటర్లు చేసిన సేవను సాహిత్య చరిత్రకారులు ఇంకా గుర్తించలేదు. "అంతదాకా రాదు సార్" అనే మహావాక్యం అక్కడే పుట్టింది. నేను దానిని మొదటిసారి విన్నది హైదరాబాదులో, విద్యుత్ కారు ఉన్న మా పక్కింటాయనకు తోడుగా ఒక సర్వీస్ సెంటరుకు వెళ్లినప్పుడు. వైపర్ బ్లేడ్లు ఎంత అని ఆయన అడిగితే సర్వీస్ అడ్వైజర్ కంప్యూటరు వైపు చూడకుండానే చెప్పాడు. పక్క అద్దం ధర, ఫ్లోర్ మ్యాట్ల ధర, ఏసీ ఫిల్టరు ధర, దాన్ని మార్చే కూలి, ఆ కూలి మీద పన్ను, అన్నీ ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. "సరే నాయనా, బ్యాటరీ మార్చవలసి వస్తే ఎంతవుతుంది?" అన్నప్పుడు మాత్రం, జనాభా లెక్కలకు వచ్చిన మాస్టారు తాతయ్య పేరు చెప్పమన్నప్పుడు మా నాయనమ్మ ముఖంలో కనిపించిన తత్తరపాటే ఆ కుర్రాడి ముఖంలోనూ కనిపించింది. మా నాయనమ్మ కనీసం గోడ మీది ఫొటో వైపు చెయ్యి చూపించేది. ఇతనికి చూపించడానికి గోడ మీద ఏమీ లేదు. అందుకని నవ్వి, "అంతదాకా రాదు సార్" అన్నాడు.

పక్కింటాయన అడిగింది వస్తుందా రాదా అని కాదు, ఎంత అని. ఈ రెండు ప్రశ్నలకూ ఒకే సమాధానం సరిపోతుందని కనిపెట్టిన మేధావికి నమస్కరించవలసిందే. ఇదే ఔదార్యం కారుకు అప్పిచ్చిన బ్యాంకుకు కూడా ఉంటే ఎంత బాగుండేది! వాయిదా తప్పితే పడే జరిమానా నుంచి కారును లాక్కుపోయే పద్ధతి దాకా అది సన్నని అక్షరాలతో ముందే రాసి, పేజీ పేజీకీ సంతకం పెట్టించుకుంటుంది. "అంతదాకా రాదు లెండి" అని ఏ మేనేజరూ కలం పక్కన పెట్టిన దాఖలా లేదు.

పోనీ, ఆ ధర మనుషులకు అందని బ్రహ్మపదార్థమా అంటే అదీ కాదు. బ్యాటరీ ప్యాకుల ప్రపంచ సగటు ధరను బ్లూమ్‌బర్గ్ ఎన్ఈఎఫ్ అనే సంస్థ ఏటా ప్రకటిస్తూనే ఉంది. 2024లో అది కిలోవాట్ అవర్‌కు, అంటే కరెంటు బిల్లులో మనం యూనిట్ అని పిలుచుకునే కొలతకు, 115 డాలర్లు. పక్కింటాయన కారులో ఉన్నది సుమారు 30 యూనిట్ల ప్యాకు. ఐదో తరగతి పిల్లవాడు గుణించినా మూడు లక్షల రూపాయల దగ్గర తేలుతుంది. అది కంపెనీల మధ్య నడిచే టోకు ధర అని నాకూ తెలుసు. దాని మీద రవాణా వేసుకోండి, పన్ను వేసుకోండి, లాభం వేసుకోండి, వద్దన్నవారు లేరు. వేసిన తరువాత ఎంతయిందో చెప్పండి, అంతే. మూడోసారి వెళ్లి పట్టుబట్టిన మీదట, రాతపూర్వకంగా కాకుండా, చెవిలో మంత్రోపదేశం చేసినట్టు చెప్పిన అంకె ఆ కారును ఆ రోజు అమ్మితే వచ్చే సొమ్ము కన్నా ఎక్కువ. కిందపడిపోకుండా పక్కింటాయనను కూర్చోబెట్టిన సోఫా మాత్రం చాలా మెత్తగా ఉంది.

ఇక వారంటీ సంగతి. ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందయితే అది. ఆ లోపల బ్యాటరీ సామర్థ్యం 70 శాతం కన్నా దిగజారితే కంపెనీ బాధ్యత. మన దేశంలో విద్యుత్ కార్లకు ఎక్కువగా నడిచే ఒడంబడిక ఇదే. మన బడుల్లో 35 మార్కులు వస్తే పాస్. ఇక్కడ 70 వచ్చినా బ్యాటరీ పాసయినట్టే, యజమాని ఫెయిలయినట్టు. పక్కింటాయన కారు 2020లో కొన్నది. ఘట్‌కేసర్ నుంచి గచ్చిబౌలికి రోజూ ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగి తిరిగి 1,58,000 కిలోమీటర్లు దాటింది. మొన్నటి పరీక్షలో బ్యాటరీకి వచ్చిన మార్కులు 71.

అడ్వైజర్ ఆ కాగితాన్ని చేతికిస్తూ "కంగ్రాట్స్ సార్" అన్నాడు.

ఆ రోజు నుంచి మా వీధిలో ఒక విచిత్రమైన వ్రతం మొదలైంది. కారు కొన్నప్పుడు షోరూమువారు ఒక పథ్యం పట్టిక ఇచ్చారు: ఎండలో నిలపరాదు, ఎనభై శాతం దాటి నింపరాదు, నిండుగా నింపి రోజుల తరబడి వదిలేయరాదు, ఫాస్ట్ ఛార్జింగ్ తరచుగా చేయరాదు. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి, నిండు ఛార్జి రెండూ కలిస్తే నడవకపోయినా వయసు మీద పడుతుందన్నది శాస్త్రం. ఐదేళ్లపాటు పక్కింటాయన ఆ పథ్యాన్ని బాలింతకు చేసినట్టు చేశారు. కారుకు నీడ కోసం వేపచెట్టు కొమ్మ కూడా కొట్టనివ్వలేదు. ఇప్పుడు ఆ పట్టికనే తలకిందులుగా పెట్టుకుని ఆచరిస్తున్నారు. మిగిలిన రెండు వేల చిల్లర కిలోమీటర్లు ఖర్చు కాకుండా, ఆ రెండు మార్కులు మాత్రం తగ్గాలి కదా! అందుకని వంద శాతం నింపిన కారును మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీద వడియాలు పెట్టినట్టు నడివీధిలో ఎండబెట్టారు. సాయంత్రం బానెట్ మీద చెయ్యి వేసి, జ్వరం చూసే తల్లిలా, వేడి చాలిందా లేదా అని చూసేవారు. ఒక రోజు మబ్బు పడితే ఆకాశాన్ని తిట్టారు. వాళ్లావిడ మా ఇంటికి వచ్చి, "కొడుకు పరీక్ష తప్పాలని మొక్కుకునే తండ్రిని ఎక్కడయినా చూశారా అన్నయ్య గారూ?" అని కళ్లు ఒత్తుకుంది. ఆమెకు తెలియనిది ఏమిటంటే, ఆయన అప్పటికే చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చారు. వీసా కోరేవారి వరుసలో నిలబడి, స్వామీ, 69 చెయ్యి, నూట ఎనిమిది తిరుగుతాను అని మొక్కుకున్నారు.

కారు మాత్రం ఎప్పుడు ఎంత నింపారో, ఎంత వేడెక్కిందో లోపలే రాసుకుంటూ ఉంది. ఆ చిట్టా కంపెనీకి కనిపిస్తుంది, యజమానికి కనిపించదు. మన కారు మన మీద సాక్ష్యం చెప్పడానికి మనమే కరెంటు పోస్తున్నామన్నమాట.

2024 నుంచి కొన్ని కంపెనీలు "జీవితకాల వారంటీ" కూడా ప్రకటించాయి. జీవితకాలం అంటే పదిహేనేళ్లని కొందరు కింద నక్షత్రం గుర్తు పెట్టి చెప్పారు. అదీ మొదటి యజమానికే. కారు చేతులు మారితే, అదే బ్యాటరీ, అదే ఇనుము, అదే లిథియం, ఒక్క సంతకంతో అల్పాయుష్షు పొందుతుంది. రసాయనాలకు ఆర్టీఏ కాగితాలు చదవడం వచ్చునని నాకు ఇంతవరకు తెలియదు.

నవ్వుకోవడం ఇక్కడితో ఆపుదాం. ఎందుకంటే ఆ రెండో యజమాని నాకు తెలుసు. మా ఆఫీసుకు క్యాబ్ నడిపే కుర్రాడు, నల్లగొండ వైపు పల్లె. పెట్రోలు ఖర్చు తప్పుతుందని, భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టి పాత విద్యుత్ కారు కొన్నాడు. కొనేముందు, "అన్నా, బ్యాటరీ ఎంత మిగిలిందో ఎక్కడ చూపిస్తరు?" అని అమ్మేవాడిని అడిగాడు, సర్వీస్ సెంటరును అడిగాడు, నన్నూ అడిగాడు. ఎవరమూ చెప్పలేకపోయాం. ఆరు నెలలకు బండి ఆగింది. ప్యాకులో వంద దాకా సెల్స్ ఒకదాని వెనుక ఒకటిగా కట్టి ఉంటాయి; వాటిలో బలహీనమైనది ఏదో, మొత్తం బలగం దాని అడుగు దాటి నడవలేదు. చచ్చింది నాలుగు సెల్స్. రాసిచ్చిన ఎస్టిమేటు మాత్రం మొత్తం ప్యాకుకు. గోడకు ఒక ఇటుక పగిలితే ఇల్లు కొనమనే మేస్త్రీని ఏ ఊళ్లోనయినా చెట్టుకు కట్టేస్తారు. ఇక్కడ అతనికి ఏసీ గదిలో కుర్చీ వేశారు! ఆటోనగర్ మెకానిక్ విప్పుదామంటే మూడు వందల వోల్టుల పైచిలుకు కరెంటు, ప్రాణాలు పోతాయి. శిక్షణ ఇవ్వరు, విడిభాగాలు అమ్మరు, చెడిన సెల్స్ ఉన్న గుత్తిని (మాడ్యూలు) ఒక్కదాన్నే మార్చి ఇవ్వరు. బాగుచేయించుకునే హక్కు కోసమని కేంద్రం 2022 డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలు కూడా ఉన్నాయి. ఆ కుర్రాడికి దాని వల్ల ఒక్క సెల్ కూడా రాలేదు.

ప్రభుత్వం పెట్టిన పన్ను చూడండి. బ్యాటరీ కొత్త కారు లోపల కూర్చుని వస్తే జీఎస్టీ ఐదు శాతం. 2019 ఆగస్టులో పన్నెండు నుంచి తగ్గించి పుణ్యం కట్టుకున్నారు. అదే బ్యాటరీ, పాత కారును బతికించడానికి ఒంటరిగా వస్తే పద్దెనిమిది శాతం. తెలంగాణలో కొత్త విద్యుత్ కారుకు 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము రెండూ మాఫీ. ఉన్న కారును మరో పదేళ్లు నడిపిస్తానన్నవాడికి ఏ మాఫీ లేదు, పైగా పదమూడు శాతం అదనపు జరిమానా. పర్యావరణం కోసమే కదా ఇదంతా? ఏ పర్యావరణం? తాకట్టు కొట్టులో పుస్తెలతాడు వేలానికి వస్తుంటే, పార్కింగు స్థలంలో టన్నున్నర బండి తుప్పు పడుతుంటే, ఏ గాలి శుభ్రపడిందో ఎవరయినా వచ్చి ఆ కుర్రాడి ముఖం చూసి చెప్పండి! బ్యాటరీలు భయపడినంత తొందరగా చావవని నేనూ ఒప్పుకుంటాను. చాలామందికి ఎనిమిదేళ్లూ నిక్షేపంగా గడిచిపోతాయి. గడవనివాడికి ధర ముందే చెప్పడానికి మీకేం రోగం?

మొన్న పక్కింటాయన మళ్లీ పరీక్ష చేయించారు. ఈసారి తెరమీద 69.6 వచ్చింది. ఆయన గొంతులో దుఃఖమో ఆనందమో తెలియని శబ్దం ఒకటి వెలువడింది. అడ్వైజర్ కాగితం ప్రింటు తీసి ఇచ్చాడు. దశాంశాలు ప్రింటులో రావట. గుండ్రం చేస్తే 70.

ఆదివారం తెల్లవారుజామున ఆయన మళ్లీ చిలుకూరు బయలుదేరుతుంటే గేటు దగ్గర కలిశాను. కిలోమీటర్లు దండగని కారు తీయలేదు. మెహదీపట్నంలో బస్సు మారాలి.