దసరాకి నారు, పెద్దపండక్కి కూర

మొన్న డిసెంబరులో డాలస్ నుంచి వచ్చిన స్నేహితుడొకడు మా మేడ ఎక్కాడు. విశాఖ ఎంవీపీ కాలనీలో మాది పాత ఇల్లు. మేడ మీద నిలబడితే ఒక పక్క కైలాసగిరి, ఇంకో పక్క అపార్టుమెంట్ల సందులోంచి జానెడు సముద్రం కనిపిస్తాయి. నాలుగు సంచుల్లో నాలుగు క్యాబేజీలు గడ్డ కట్టి ఉన్నాయి. వాడు వాటి పక్కన గొంతుక్కూర్చుని ఫోటో తీయించుకున్నాడు. తీయించుకుని, అక్కడి నుంచే గాజువాకలో ఉన్న వాళ్ళమ్మగారికి ఫోన్ కొట్టాడు. "అమ్మా, మన డాబా మీద కూడా ఓ ఇరవై సంచులు పెట్టిద్దాం. నేను ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేస్తా."

ఆవిడకి 74 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పులే. వీడి టికెట్టు జనవరి 3న.

అమెరికాలో ఉండి ఇలా ఇంటికి సంచులు ఆర్డర్ పెట్టే మీకోసమే ఇది రాస్తున్నా, కానీ వాణ్ణి అనే హక్కు నాకు లేదు. మిషిగన్‌లో ఉన్న 22 ఏళ్ళలో చివరి అయిదారేళ్ళు ఇక్కడికి తిరిగి వచ్చేసే ముందు నేనూ ఇదే పని చేశాను. ఒక ఏప్రిల్లో పదిహేను గ్రోబ్యాగులు, కొబ్బరిపీచు ఇటుకలు, విత్తనాల ప్యాకెట్లు కలిపి ఒక కిట్టు అమ్మానాన్నలకు పంపించాను. అందులో క్యాబేజీ కూడా ఉంది. నాన్న ఆ ఇటుకల్ని బకెట్లో నానబెట్టి, పిండి, మట్టీ ఎరువూ కలిపి, సంచులు ఒక్కొక్కటే మేడ మీదికి ఈడ్చారు. విత్తనాలు మొలిచాయి. ఆకులు విస్తరాకుల్లా పరుచుకున్నాయి. గడ్డ మాత్రం కట్టలేదు. వీడియో కాల్‌లో నేను ఇచ్చిన సలహా ఏమిటంటే, "నీళ్ళు చాలడం లేదేమో నాన్నా." అప్పటి నుంచి ఆయన పొద్దున్నా సాయంత్రం రెండేసి బకెట్లు మోశారు, మే నెలలో.

నీళ్ళది కాదు తప్పు. క్యాబేజీ గడ్డ అంటే పొట్టి కాండం చుట్టూ ఆకు మీద ఆకు లోపలికి ముడుచుకోవడమే. ఆ ముడుచుకోవడానికి 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం ఉంటే బాగుంటుంది. మన వైజాగ్‌లో ఏప్రిల్లో అర్ధరాత్రి కూడా 25 దాటే ఉంటుంది. ఆ వేడికి ఆకులు విచ్చుకునే ఉంటాయి తప్ప ముడుచుకోవు. మిషిగన్‌లో మనం క్యాబేజీని వేసవిలోనే పండిస్తాం కాబట్టి, వేసవి అనే మాట దానికి నప్పుతుందని బుర్రలో పడిపోయింది. అక్కడి వేసవి వేరు, ఇక్కడి వేసవి వేరు అని పుట్టి పెరిగిన ఊరి గురించి నాకు ఎవరో చెప్పాల్సి రావడం సిగ్గుపడాల్సిన విషయమే.

ఇక్కడ దీనికి ఉన్నది ఒకటే అదను. దసరా రోజుల్లో ట్రేలో నారు పోసుకోవాలి. నాలుగు వారాలకు, దాదాపు నాగులచవితి వెళ్ళాక, ఆరేడు ఆకుల నారును సంచుల్లో నాటుకోవాలి. గోల్డెన్ ఏకర్ లాంటి తొందరగా వచ్చే రకం నాటిన 60, 65 రోజులకు కోతకు వస్తుంది. అంటే సరిగ్గా పెద్దపండగ. అంతకంటే ముందు తొందరపడితే అక్టోబరు తుఫానులున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఏం చేసిందో తెలియాలంటే, మీలో చాలామంది అమెరికాలో ఫోన్లు కలవక టెన్షన్‌తో గడిపిన రాత్రులు గుర్తు చేసుకుంటే చాలు. నారు ట్రేలో ఉంటే హాల్లోకి తెచ్చుకోవచ్చు, సంచిలో ఉంటే మేడ మీద వదిలేయాల్సిందే. మరీ ఆలస్యం చేసినా కష్టమే, ఫిబ్రవరి దాటితే ఎండ చురుక్కుమంటుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు వాళ్ళకు ఈ కంగారు తక్కువ. మనది సముద్రమట్టం.

మనం సెలవులకు వచ్చేది డిసెంబరు 20 తర్వాత. అప్పటికి మొక్క తన జీవితంలోకెల్లా అందంగా ఉంటుంది. అది చూసి, ఇదెంత పని అనుకుంటాం.

సూట్‌కేసులో విత్తనాలు తేవడం గురించి కూడా ఒక మాట. నేను తెచ్చాను, అందుకే చెబుతున్నాను. మొక్కల క్వారంటైన్‌కు సంబంధించి 2003 నాటి ఉత్తర్వు ఒకటుంది. అనుమతి, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్ళు, పురుగులు లేవని ఇచ్చే పత్రం) లేకుండా విత్తనాలు దేశంలోకి తేకూడదు. సరే, చట్టం సంగతి అలా ఉంచండి. అక్కడ మనం ముచ్చటపడే పెద్ద డ్రమ్ములాంటి రకాలకు వందరోజుల పైన కావాలి. వంద చల్లని రోజులు వైజాగ్‌లో ఎవరి దగ్గరా లేవు. ఉల్లి విత్తనాలు తెచ్చే వాళ్ళ పరిస్థితి ఇంకా ఘోరం. ఉత్తరాది చలిదేశాల ఉల్లికి పగలు బాగా పొడుగ్గా ఉంటే తప్ప గడ్డ ఊరదు, 17 డిగ్రీల అక్షాంశం మీదున్న మన వైజాగ్‌లో దానికి అంత పొడుగు పగలు ఎక్కడి నుంచి తెస్తాం?

అమ్మకు బీర, సొర, గోంగూర, తోటకూర అన్నింటి విత్తనాలూ దాచే అలవాటు. బూడిద కలిపి, పాత పంచె గుడ్డలో మూటలు కట్టి పెడుతుంది. "క్యాబేజీ గింజలేవిరా?" అని ఒకసారి అడిగింది. లేవు, రావు. క్యాబేజీ పూత పూయాలంటే కొన్ని వారాలపాటు గట్టి చలి తగలాలి. అందుకే దాని విత్తనం కులూ లోయలోనో కశ్మీరులోనో పండుతుంది. మన మేడ మీద అది ఎన్నేళ్ళు పండినా చుట్టమే, ఏటా టికెట్టు కొని పిలిపించుకోవాల్సిందే.

ఇక పురుగు. "మార్కెట్లో కొనేదంతా మందులే కదా, అందుకే ఇంట్లో పెంచమంటున్నాం" అనేది అమెరికాలో ఉన్న మనవాళ్ళ వాదన. అందులో నిజముంది. క్యాబేజీని తినే డైమండ్ రెక్కల పురుగు మందులకు అలవాటు పడిపోవడంలో మహా గట్టిది. బ్యాక్టీరియా నుంచి తీసే బీటీ మందుక్కూడా పొలంలో మొట్టమొదట లొంగకుండా పోయిన పురుగు ఇదే. అందుకే రైతు మీద మళ్ళీ మళ్ళీ కొట్టాల్సిన ఒత్తిడి. కానీ ఆ పురుగు మన మేడ మెట్లు ఎక్కదని ఎవరు చెప్పారు?

నేను చూసింది చెబుతాను. నాటిన మూడో వారం పొద్దున్నే ఆకును ఎత్తి వెలుగుకు పట్టుకుంటే అక్కడక్కడ చిన్న చిన్న అద్దాల కిటికీలు. పిల్లపురుగు ఆకు అడుగున గీరి తిని, పై పొరను పలచగా వదిలేస్తుంది. వేలితో తాకితే అగ్గిపుల్లలో మూడోవంతు కూడా లేని పచ్చపురుగు, రెండు చివరలా సన్నబడి, వెనక్కి వెనక్కి గిలగిలా కొట్టుకుని, సన్నటి దారం పట్టుకుని ఆకు మీంచి జారిపోయింది. నేను అటూ ఇటూ చూసేలోగా ఆ దారమే పట్టుకుని తిరిగి పైకి ఎక్కేసింది. దాన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయాను.

దీనికి రైతులు చేసే తెలివైన పని ఒకటుంది. పాతిక వరసల క్యాబేజీకి రెండు వరసల ఆవాలు వేస్తారు. ఒక వరస క్యాబేజీ నాటడానికి పదిహేను రోజుల ముందే, రెండోది నాటిన పాతిక రోజులకు. ఆవమొక్క కనిపిస్తే పురుగు తల్లి క్యాబేజీని వదిలి అక్కడ గుడ్లు పెడుతుంది. మేడ మీద మాకు వరసలెక్కడివి? పోపులపెట్టెలోంచి చారెడు ఆవాలు తీసి రెండు పాత తొట్లలో చల్లాం. వారంలో మొలిచాయి. వాటి మీద చేరిన పురుగులకు వేపగింజల కషాయం కొట్టాం. క్యాబేజీకి చిల్లులు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. పై రెండాకులు చిల్లులతోనే ఉంటాయి, తీసేసి వండుకోవడమే. చిల్లులే లేని గడ్డ కావాలనుకునే వాళ్ళు ఇంట్లో పెంచకపోవడం మంచిది.

ఇప్పుడు లెక్క వేయండి. ఒక గడ్డకు ఒక సంచి. తడిసిన సంచి 30 కిలోలు దాటుతుంది. సముద్రపు గాలికి రోజూ ఆరిపోతుంది. మూడు నెలల చాకిరీకి వచ్చేది ఒక్క కిలో, కిలోంపావు గడ్డ. ఒక్కసారి కోస్తే అయిపోయింది. మొదలు వదిలేస్తే పక్కల నుంచి చిన్న చిన్న గడ్డలు వస్తాయి, అవి పులుసులోకి కూడా చాలవు. అదే సంచిలో బచ్చలి తీగ పెడితే ఏడాదంతా వారానికి రెండుసార్లు పప్పులోకి వస్తుంది. ఓ రోజు నీళ్ళు మర్చిపోయినా అలగదు. నడుము వంచక్కర్లేకుండా గోడ మీంచి తెంపుకోవచ్చు. పెద్దవాళ్ళు ఇద్దరే ఉన్న ఇంటికి, లేదా ఒక్కరే ఉన్న ఇంటికి, బచ్చలి, తోటకూర, ఒక కరివేపాకు, పందిరి ఉంటే బీరపాదు. క్యాబేజీ మీద మనసు పడితే నాలుగు మొక్కలు, ఊళ్ళో నర్సరీ నారు. ఇరవై సంచులు కావాలంటే, నీళ్ళు పోసే మనిషికి నెలనెలా జీతం కూడా మనమే పంపాలి. మిగతా క్యాబేజీకి ఎంవీపీ రైతుబజారు ఉంది. 1999లో పెట్టినప్పటి నుంచి ఆ రైతుబజార్ల కూరే తిన్నా మా ఇంట్లో దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

నా స్నేహితుడికి ఇదంతా చెప్పాను. "నువ్వు మాత్రం పెంచొచ్చా?" అన్నాడు. నేను ఇక్కడే ఉంటున్నాను కదా, బకెట్ నాదే.

నాలుగింటిలో మూడు పండక్కే అయిపోయాయి. ఒకటి పెసరపప్పు వేసి, రెండు ఆవపెట్టి వండింది అమ్మ. అన్నిటికంటే పెద్దదాన్ని చూసుకుంటూ ఉంచాను. పుష్యమాసం చివర్లో నాన్న ఆబ్దికం వచ్చింది. దాన్నే కోద్దామన్నాను. ఆబ్దికానికి సీమకూరలు పనికిరావని అమ్మ ఒప్పుకోలేదు, ఆ రోజు అరటికాయా కందా వండించింది. ఆ హడావుడిలో రెండు రోజులు నీళ్ళు పోయలేదు. మూడోనాడు గుర్తొచ్చి, పాపం ఎండిందని నిండా పోశాను. ముదిరిన గడ్డకు అలా ఒక్కసారిగా నీళ్ళు తగిలితే లోపల ఉబ్బి పగులుతుందని తెలుసు, అయినా పోశాను. మర్నాటికి నడినెత్తిన అడ్డంగా బీటలు వారి ఉంది.

అమ్మ మెట్లెక్కి వచ్చి చూసింది. "పగిలితే ఏటిరా? ఎలాగూ తరిగేదేగా. కత్తి తే."