139 ఆర్‌బీఐల పంచాయితీ

(2012 నవంబర్. డెట్రాయిట్ శివార్లలో ఓ తెలుగు ఇల్లు. బేస్‌బాల్ అమెరికన్ లీగ్ ఎంవీపీ (ఆ ఏటి అత్యంత విలువైన ఆటగాడు) అవార్డు డెట్రాయిట్ టైగర్స్ ఆటగాడు మిగెల్ కబ్రేరాకి వచ్చింది. ఓటేసిన 28 మంది బేస్‌బాల్ విలేకరుల్లో 22 మంది అతన్ని మొదట పెట్టారు. ఆరుగురు ఏంజెల్స్ జట్టు కుర్రాడు మైక్ ట్రౌట్‌ని పెట్టారు. కొత్త రకం లెక్కలేసేవాళ్లు మాత్రం అవార్డు ట్రౌట్‌దే అన్నారు.)

మావయ్య: చూశావా? 22కి 6. మీ కంప్యూటర్ పిల్లల గోలకి విలేకరులు భలే జవాబిచ్చారు.

అల్లుడు: మీ విలేకరుల మాట ప్రకారం లెక్కలేసేవాళ్లు మ్యాచే చూడరట, అమ్మ ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చుని కాలిక్యులేటర్ నొక్కుకుంటారట. అది జవాబా మావయ్యా, వెక్కిరింతా?

మావయ్య: వెక్కిరింతే. అయితే ఏం? ఏడాదికి 162 మ్యాచ్‌లు. జట్టు వెంట ఊళ్లు తిరిగి, ఆటగాడి మొహం దగ్గర్నుంచి చూసి రాసేవాడికి తెలియనిది వీళ్లకేం తెలుసు?

అల్లుడు: మొహం చూసి ఓటేశారా మరి? వాళ్లు చూపించింది ట్రిపుల్ క్రౌన్, అంటే మూడు లెక్కల్లోనూ లీగ్‌లో మొదటివాడు. .330 యావరేజ్, 44 హోమ్ రన్లు, 139 ఆర్‌బీఐలు (రిజర్వ్ బ్యాంకు కాదులెండి, ఒకడి దెబ్బకి వచ్చిన రన్నులు). 1967లో యస్ట్రెమ్‌స్కీ తర్వాత ఎవరూ చేయలేదు. గొప్పే, కాదన్లేదు. కానీ అవి అంకెలు కావా? అసలు ఈ ఆటలో అంకెల పిచ్చి మొదలుపెట్టిందే విలేకరులు. 19వ శతాబ్దంలో బాక్స్ స్కోర్‌కి (మ్యాచ్ లెక్కల పట్టిక) ఓ రూపం ఇచ్చిన హెన్రీ చాడ్విక్ ఎవరు? క్రికెట్ వార్తలు రాస్తూ ఇటొచ్చిన పత్రికాయనే. ఆర్‌బీఐ 1920లో గానీ అధికారిక లెక్కల్లోకి రాలేదు. చిన్నప్పుడు నేర్చుకున్న అంకెలైతే అనుభవం, తర్వాత వచ్చినవైతే చీడ! ముందువాళ్లు బేస్ మీద ఉంటేనే కదా కబ్రేరాకి అన్ని ఆర్‌బీఐలు? ట్రౌట్ మొదటి బ్యాటర్. అయినా 129 రన్నులు తీశాడు, 49 బేసులు దొంగిలించి (ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరుగెత్తి) ఐదుసార్లే దొరికాడు. అవతలివాళ్ల హోమ్ రన్లని గోడ మీంచి లాక్కొచ్చాడు.

మావయ్య: మనవాడు జట్టుని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్లాడురా. విలువంటే అదీ.

అల్లుడు: టైగర్స్ గెలిచింది 88. ప్లేఆఫ్స్‌కి రాక ఇంట్లో కూర్చున్న ఏంజెల్స్ గెలిచింది 89.

మావయ్య: …అంకెలే అంటావు. మన లక్ష్మణ్ టెస్ట్ యావరేజ్ 46 కూడా లేదు. ఈడెన్‌లో ఆ ఆట ఏ అంకెకి అందుతుంది?

అల్లుడు: 281కి.

మావయ్య: అలాంటివాణ్ని 2003 ప్రపంచకప్‌కి వదిలేసి మోంగియాని తీసుకుపోయారు!

అల్లుడు: వన్డేల్లో లక్ష్మణ్...

మావయ్య: నోర్ముయ్! మా ఇంట్లో ఆ మాట వద్దు.

అల్లుడు: సరే సరే, బేస్‌బాలే మాట్లాడదాం.

మావయ్య: మాట్లాడదాం. రెండేళ్ల కిందట 13 గెలుపులు, 12 ఓటములున్న ఫెలిక్స్ హెర్నాండెజ్‌కి మేటి పిచర్ అవార్డు సై యంగ్ ఇచ్చిందెవరు? ఈ విలేకరులే. గెలుపులు పక్కనపెట్టి 2.27 ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చుకున్న సగటు రన్నులు) చూశారు. నేర్చుకోరని ఎవడన్నాడు? మూర్ఖులంటూ మొదలుపెడితే ఎవడు వింటాడు?

అల్లుడు: అది నిజమే. మావాళ్ల నోరూ మంచిది కాదు.

మావయ్య: మీ వార్ సంగతి? వీడి బదులు ఎక్కడైనా సులువుగా దొరికే ఆటగాడుంటే జట్టుకి ఎన్ని గెలుపులు తగ్గేవో చెబుతుందంటావు. ఒక సైట్‌లో ఒక అంకె, ఇంకోదాంట్లో ఇంకో అంకె. ఆర్‌బీఐలంటావా, స్టేడియంలో కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టాను. వార్‌ని ఎవడు లెక్కపెట్టగలడు?

అల్లుడు: ఫీల్డింగ్ భాగం కొంత అంచనాయే, ఒప్పుకుంటా. అయినా ట్రౌట్‌కి పదికి పైన, కబ్రేరాకి ఏడు చుట్టుపక్కల. అంత తేడా...

మావయ్య: ఆ ఏడు ఎలా వచ్చిందో కాగితం మీద వేసి చూపించు.

అల్లుడు: ఒక్క కాగితం చాలదు మావయ్యా.

మావయ్య: కట్ట ఉంది. పెన్ను ఫ్రిజ్ మీదుంది, తెచ్చుకో.