బ్రీడర్ కోర్ లెక్కల్లో మిల్లీమీటర్ల పేచీ

న్యూట్రాన్ల కదలికను లెక్కగట్టే ఓపెన్‌ఎంసీ లాంటి కోడ్ ఉచితంగా దొరుకుతోంది కాబట్టి, రియాక్టర్ కోర్‌కు, అంటే ఇంధనం ఉండే నడిమి భాగానికి, మోడల్ కట్టడం ఇప్పుడు తమిళనాడులోని కల్పాక్కం అణుకేంద్రం వాళ్లు మాత్రమే చేసే పని కాదు. హన్మకొండ హాస్టల్‌లో ఉండే బీటెక్ పిల్లవాడు కూడా రాత్రంతా లాప్‌టాప్ నడిపించి పొద్దున్నే రంగురంగుల న్యూట్రాన్ బొమ్మ చూపించగలడు. అలాంటి ప్రాజెక్టు ఒకటి ఈమధ్య చూశాను. షట్కోణపు సబ్‌అసెంబ్లీలు (ఇంధన కడ్డీల కట్టలు) ముచ్చటగా పేర్చాడు, కే-ఎఫెక్టివ్ (ఒక తరం న్యూట్రాన్లకు తర్వాతి తరం ఎన్ని రెట్లో చెప్పే అంకె, ఒకటైతే చర్య నిలకడగా సాగుతుంది) ఒకటికి కాస్త పైన వచ్చింది. "కొలతలు ఏ టెంపరేచర్‌వి తీసుకున్నవ్?" అని అడిగితే, "డ్రాయింగ్‌ల ఉన్నవే సార్" అన్నాడు. కోర్‌ను చల్లబరిచే ద్రవ సోడియం సాంద్రత మాత్రం వేడి మీద ఉన్నప్పటిది పెట్టాడు, ఉక్కు కొలతలను చల్లగా ఉన్నప్పటివే వదిలేశాడు.

వేగంగా పోయే న్యూట్రాన్లతో నడుస్తూ, కాల్చినదానికంటే ఎక్కువ ఇంధనం పుట్టించే ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్‌లో ఇది సరిపెట్టుకుని పోయే తేడా కాదు. కల్పాక్కంలోని 500 మెగావాట్ల ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ (పీఎఫ్‌బీఆర్)నే తీసుకోండి. సోడియం 397 డిగ్రీల దగ్గర కోర్‌లోకి వెళ్లి 547 డిగ్రీలతో బయటికొస్తుంది, కోర్ వెడల్పు సుమారు 2 మీటర్లు. ఇంత వెడల్పున్న ఉక్కు 100 డిగ్రీలు వేడెక్కితే మూడున్నర మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. అదెంత అనిపిస్తుంది గానీ, వేగంగా పోయే న్యూట్రాన్లు దేనికీ తగలకుండా చాలా దూరం పోతాయి, అందుకే కోర్ కొంచెం విచ్చుకున్నా అంచుల నుంచి జారిపోయేవి పెరిగి పవర్ తగ్గుతుంది, దగ్గరికి ముడుచుకుంటే పెరుగుతుంది. పైగా రియాక్టర్‌ను అదుపు చేసేంత వ్యవధినిచ్చే, ఆలస్యంగా పుట్టే న్యూట్రాన్ల వాటా ప్లూటోనియం-239లో 0.2 శాతం చిల్లరే (యురేనియం-235లో అది 0.65 శాతం), అంటే పొరపాటుకు ఉన్న జాగా కూడా తక్కువే.

చరిత్రలో దెబ్బతిన్నది కూడా ఇక్కడే. అమెరికాలోని ఈబీఆర్-1 అనే ప్రయోగాత్మక బ్రీడర్ రియాక్టర్‌లో 1955 నవంబర్‌లో కోర్ కొంత కరిగిపోయింది. ఇంధన కడ్డీల్లో కోర్ మధ్యకు తిరిగి ఉన్న వైపు ఎక్కువ వేడెక్కి, కడ్డీలు ఆ వైపుకే వంగాయి. మే నెల ఎండకు మన మిద్దె మీద పీవీసీ పైపు ఎటు ఎండ తగిలితే అటు వంగినట్టే. ఇంధనం మధ్యకు దగ్గరైంది, పవర్ పెరిగింది, దాంతో కడ్డీలు ఇంకా వంగాయి. తర్వాతి కోర్‌లో కడ్డీలు వంగకుండా గట్టిగా పట్టి ఉంచేలా కట్టేసరికి ఆ ఇబ్బంది పోయింది. న్యూట్రాన్ సమీకరణాలు మార్చాల్సిన అవసరమే రాలేదు.

ఫ్రాన్స్‌లోని ఫెనిక్స్ ఫాస్ట్ రియాక్టర్ కథ ఇంకా విచిత్రం. 1989, 1990లలో నాలుగు సార్లు పవర్ ఉన్నట్టుండి పడిపోయి, క్షణంలోనే మళ్లీ లేచి, రియాక్టర్ దానంతట అదే ఆగిపోయింది. కోర్ మొత్తం పువ్వులా విచ్చుకుని మూసుకుని ఉంటుందన్నది ఎక్కువమంది ఒప్పుకున్న వివరణ. దాన్ని అలా కదిలించింది ఏమిటో మాత్రం ఏళ్ల తరబడి వెతికినా పక్కాగా తేలలేదు.

కోర్ సాగే ఈ గుణమే కాపాడిన సందర్భమూ ఉంది. 1986 ఏప్రిల్‌లో అమెరికాలోనే ఈబీఆర్-2లో కావాలనే సోడియం పంపులు ఆపేసి, న్యూట్రాన్లను మింగే కంట్రోల్ రాడ్లు దించకుండా చూస్తే, కోర్ వేడెక్కి సాగి తనంతట తానే చల్లబడింది. దీన్ని పట్టుకుని "ఫాస్ట్ రియాక్టర్లు వాటంతట అవే ఆగిపోతాయి" అని చెప్పేవాళ్లున్నారు, నాకు ఆ మాట నచ్చదు. అక్కడ వాడింది లోహ ఇంధనం, అది పెద్దగా వేడి దాచుకోదు. మన పీఎఫ్‌బీఆర్‌లోది ఆక్సైడ్. అది పనిచేసేటప్పుడు చాలా ఎక్కువ వేడి మీద ఉంటుంది, చల్లబడే దారిలో డాప్లర్ ప్రభావం (ఇంధనం వేడెక్కితే ఎక్కువ న్యూట్రాన్లను, చల్లబడితే తక్కువ న్యూట్రాన్లను మింగడం) ఎదురుతిరిగి రియాక్టివిటీని, అంటే చర్య పెరిగే మొగ్గును, పెంచుతుంది. ఒకదాని ఫలితం రెండోదానికి అతికించలేం.

సోడియం మరిగి ఖాళీ ఏర్పడితే ఏమవుతుందన్న లెక్క కూడా ఇంతే టెన్షన్ పెడుతుంది. కోర్ మధ్యలో అది రియాక్టివిటీని పెంచుతుంది, అంచుల్లో తగ్గిస్తుంది. రెండు పెద్ద అంకెలను తీసివేస్తే మిగిలే చిన్న అంకె అది, కాబట్టి న్యూక్లియర్ డేటాలో కాస్త తేడా వచ్చినా జవాబు గణనీయంగా మారిపోతుంది.

మన సిలబస్ చూస్తే న్యూట్రాన్లు ఫిజిక్స్ వాళ్లకు, ఉక్కు మెకానికల్ వాళ్లకు, ప్రవాహం థర్మల్ వాళ్లకు పంచేశారు. వరంగల్ ఎన్‌ఐటీలో ఈ విభాగాలన్నీ ఒకే కాంపౌండ్‌లో ఉన్నాయి. కోర్ సబ్‌అసెంబ్లీల భాగాలు తయారయ్యే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (ఎన్‌ఎఫ్‌సీ) కూడా హైదరాబాద్‌లోనే ఉంది. ఆ సబ్‌అసెంబ్లీల ఉక్కు గొట్టాలు ఏళ్ల తరబడి న్యూట్రాన్ల దెబ్బలు తిని ఉబ్బుతాయి, వంగుతాయి, అంటే మొదటిరోజు గీసిన జ్యామితి చివరి రోజుకు చెల్లదు. ఇది ముగ్గురూ ఒక టేబుల్ దగ్గర కూర్చుని చేయాల్సిన పని.

టేబుల్ ఉన్నా పోల్చుకోవడానికి కొలిచిన అంకెలు కావాలి కదా. అమెరికా ఈబీఆర్-2 ప్రయోగాల కొలతలను, చైనా తన చిన్న ఫాస్ట్ రియాక్టర్ సీఈఎఫ్‌ఆర్ స్టార్టప్ పరీక్షల కొలతలను అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ద్వారా పలు దేశాల ముందు పెట్టాయి. పీఎఫ్‌బీఆర్‌లో కోర్ లోడింగ్ 2024 మార్చిలో మొదలైంది. దాని స్టార్టప్ పరీక్షల్లో కంట్రోల్ రాడ్ల విలువ (అవి రియాక్టివిటీని ఎంత తగ్గిస్తాయో), అన్నీ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నప్పటి టెంపరేచర్ గుణకం (ఒక్కో డిగ్రీకి రియాక్టివిటీ ఎంత మారుతుందో), ఈ రెండింటినీ జ్యామితితో సహా మన యూనివర్సిటీలకు ఇస్తే చాలు. అందులో దాచుకోవాల్సిన రహస్యం నాకైతే కనిపించడం లేదు. ఆ హాస్టల్ పిల్లవాడికి అప్పుడు తన 'ఒకటికి కాస్త పైన' ఎంత తప్పో తెలుస్తుంది, ఉక్కును సాగదీసి మళ్లీ రన్ కొడతాడు.