బటన్ ఫోన్‌కు నెలవారీ ప్లాన్ కావాలి

చేతిలో బటన్ ఫోన్‌తో రీఛార్జ్ దుకాణానికి వచ్చే ఉపాధి కూలీకి కావలసినవి రెండే: ఊళ్లో లేని కొడుకు చేస్తే ఫోన్ మోగాలి, బ్యాంకు మెసేజ్ రావాలి. నెట్‌తో ఆ ఫోన్‌కు పనే లేదు. అయినా ఏళ్ల తరబడి నెట్ డబ్బులూ కలిపి వసూలు చేశారు. దీన్ని సరిదిద్దడానికే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో వినియోగదారుల రక్షణ నిబంధనలను సవరించింది. కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే వోచర్ (రీఛార్జ్ ప్లాన్) ఒక్కటైనా కంపెనీలు ఇవ్వాలంది. ప్రత్యేక వోచర్ల గరిష్ఠ గడువును 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచింది.

గరిష్ఠం చెప్పిన ట్రాయ్, ఎంత తక్కువ గడువుతో ఇవ్వాలో చెప్పలేదు. ధర కంపెనీల ఇష్టానికే వదిలేసింది. 2025 జనవరిలో జియో 84 రోజులకు రూ.458, ఏడాదికి రూ.1,958తో ప్లాన్లు తెచ్చింది. వాటిని పరిశీలిస్తామని ట్రాయ్ ప్రకటించాక రూ.448కి, రూ.1,748కి దించింది. రెండోది రూ.210 తగ్గినట్టే కనిపిస్తుంది. కానీ గడువు కూడా 336 రోజులకు కుదించారు. రోజు లెక్క కడితే మిగిలింది దాదాపు 16 పైసలు! ఎయిర్‌టెల్ 84 రోజుల ధర రూ.469 దగ్గర ఆగింది.

నెలకు రూ.150 అటూ ఇటూగా పడుతోంది కదా అనొచ్చు. వారం కూలి వారం ఖర్చయిపోయే ఇంట్లో మూడు నెలల డబ్బు ఒకేసారి తీయడమే కష్టం. అది లేక మళ్లీ 28 రోజుల డేటా ప్యాకే వేయించుకుంటారు. ఎవరికోసం నిబంధన తెచ్చారో వారికే అది అందలేదు.

ధరల విషయంలో తాను జోక్యం చేసుకోకపోవడం ట్రాయ్ విధానం. కంపెనీల మధ్య పోటీయే ధరను అదుపు చేస్తుందన్నది దాని ఆధారం. ఆ పోటీ ఎంత సన్నగిల్లిందో 2024 జులైలో చూశాం: మూడు ప్రైవేటు కంపెనీలూ ఒక్క రోజు తేడాతో ధరలు పెంచాయి. పెంచని బీఎస్ఎన్ఎల్‌కు మారదామంటే ఊళ్లో సిగ్నల్ ఉండాలి. 1900కు పోర్ట్ మెసేజ్ పంపి, ఒకే టెలికాం సేవా ప్రాంతం, అంటే ఒకే సర్కిల్‌లో మూడు పనిదినాల్లో నెట్‌వర్క్ మారవచ్చు, నిజమే. తెలుగు రాష్ట్రాలు రెండూ నేటికీ ఒకే సర్కిల్. కానీ ఏ ప్రైవేటు నెట్‌వర్క్‌కు మారినా ధర ఇంచుమించు అదే అయినప్పుడు ఆ సౌకర్యంతో జేబుకు ఒరిగేదేమిటి?

ఫిర్యాదు చేద్దామన్నా ఇది కాల్ సెంటర్‌లో తేలేది కాదు. అక్కడ డాకెట్ (ఫిర్యాదు) నంబరు ఇస్తారు. తృప్తి లేకపోతే అప్పీలు చేసుకోవచ్చు, 39 రోజుల్లో తేల్చాలి. ఆ అప్పీలు వినేదీ కంపెనీయే. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీసుకోదు. పైగా ప్లాన్ ధర ఎక్కువన్నది సేవాలోపం కిందికి రాదు.

కనుక ట్రాయే కదలాలి. ధరలు నిర్దేశించే అధికారం 1997 ట్రాయ్ చట్టంలోని 11వ సెక్షన్ దానికి ఇచ్చింది. 28 రోజుల ప్లాన్లతో ఏడాదికి 13 రీఛార్జులు పడుతున్నాయని జనం మొత్తుకుంటే, 30 రోజుల ప్లాన్ ఉండి తీరాలని 2022లో ఆదేశించింది కూడా. కాల్స్ వోచర్‌కూ అదే నియమం పెట్టాలి. ఆ 30 రోజుల వోచర్ రోజువారీ ధర 84 రోజుల వోచర్ కన్నా ఎక్కువ కాకుండా చూడాలి. ఆ ప్లాన్ పేరూ ధరా ప్రతి రీఛార్జ్ దుకాణంలో తెలుగులో కనిపించేలా చేయాలి.