రాని రెగ్యులర్

లా కాలేజీ ఎంచుకోవడానికి లోకంలో చాలా కొలతలున్నాయట. అధ్యాపకులు, లైబ్రరీ, మూట్ కోర్టు (విద్యార్థులు ఉత్తుత్తి కేసులు వాదించే గది), ర్యాంకు. మా ఇళ్ళలో మాత్రం తరతరాలుగా ఒకటే కొలత: "రోజూ వెళ్ళాలా?"

ఈ ప్రశ్న వెనకున్న లోతు అందరికీ అందదు. అందుకే నా అనుభవం విన్నవిస్తున్నాను.

రెవెన్యూ శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు కొలువు చేసి రిటైరయ్యాను. శాలువా మడత విప్పకముందే లా చదవాలని తీర్మానించుకున్నాను. కారణం గట్టు. నల్లగొండ దగ్గర మా పొలానికీ మా పెదనాన్న కొడుకు పొలానికీ మధ్య అడుగున్నర గట్టు మీద 1996లో వేసిన దావా ఇంకా నడుస్తోంది. ఈలోగా మా ప్లీడరుగారు మేడ కట్టారు. వారబ్బాయి కూడా ప్లీడరై, మేడతో పాటు మా ఫైలును కూడా వారసత్వంగా అందుకున్నాడు. ఫీజులన్నీ కూడితే గట్టేం ఖర్మ, అవతలి పొలమే కొనుక్కునేవాణ్ణి. నేనే నల్లకోటు తొడుక్కుంటే చవక కదా! కారు అద్దానికి 'అడ్వకేట్' స్టిక్కరు అదనపు లాభం.

ప్రవేశ పరీక్ష నన్ను భయపెట్టలేదు. లాసెట్‌లో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. నెగెటివ్ మార్కులు లేవు, వయోపరిమితి లేదు. 35 శాతం, అంటే 42 మార్కులొస్తే అర్హత. ప్రశ్నకు నాలుగు జవాబులు కాబట్టి, కళ్ళు మూసుకుని వరసగా ఒకటే గడి నింపుకుంటూ పోయినా లెక్కప్రకారం ముప్ఫై దాకా రావాలి. న్యాయశాస్త్రానికీ నాకూ మధ్య ఉన్న దూరం పన్నెండు మార్కులు.

మా చెల్లెలి కూతురిది వేరే దారి. ఇంటర్ చదువుతూ, జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్‌కు తయారవుతోంది. అక్కడా 120 ప్రశ్నలే, కానీ తప్పు జవాబుకు పావు మార్కు కోత. పైగా పేరాలకు పేరాలు చదివి అర్థం చేసుకోవాలట. ఆ పిల్ల నాకు పాఠం మొదలెట్టింది.

"మామయ్యా, ఆ యూనివర్సిటీల్లో బెంగళూరుది ర్యాంకుల్లో మొదటిది. శామీర్‌పేటలో నల్సార్, 1998 నుంచీ ఉంది. విశాఖ పక్కన సబ్బవరంలో దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ. నువ్వు చేరే కాలేజీకి బార్ కౌన్సిల్ అనుమతి ఈ ఏడాదికి ఉందో లేదో చూశావా? లేకపోతే డిగ్రీ వచ్చినా కోటు రాదు."

"అదంతా సరే గానీ, నల్సార్‌కి రోజూ వెళ్ళాలా?"

"వెళ్ళక్కర్లేదు మామయ్యా. హాస్టలు. అక్కడే ఉండాలి."

ఒళ్ళు జలదరించింది. సంజీవయ్యగారంటే కర్నూలు జిల్లాలో పేదింట పుట్టి, మద్రాసు లా కాలేజీలో చదివి, 1960లో ముఖ్యమంత్రి అయ్యారు. అప్పట్లో ఆయనకు వేరే సౌకర్యం లేక వెళ్ళి చదువుకుని ఉంటారు, పాపం.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియావారి 2008 నిబంధనలు నిర్దయగా ఉన్నాయి. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరుండాలి. గట్టి కారణం చూపిస్తే 65కి దిగుతారు, అంతే. దూరవిద్యలో చదివిన ఎల్‌ఎల్‌బీ చెల్లదు. ఈ నిబంధనలు రాసిన పెద్దలు మన ప్రతిభను తక్కువ అంచనా వేశారని మొదటి కాలేజీ గుమ్మంలోనే తేలిపోయింది.

పేరు చెప్పను. కింద టైర్ల కొట్టు, పైన న్యాయశాస్త్రం. ఆఫీసులో గుమాస్తా గారు టిఫిన్ డబ్బా మూత పెడుతూ అడిగారు. "రెగ్యులరేనా సార్?"

"అంటే... రోజూ రావడం..."

"మా దగ్గర అంతా రెగ్యులరే సార్. వచ్చే రెగ్యులర్, రాని రెగ్యులర్. రానిదానికి కాస్త ఎక్కువవుతుంది."

రాకుండా ఉండటానికి ఎక్కువెందుకని అడిగాను. రికార్డులో మీరు వచ్చినట్టు చూసుకోవడానికి మనిషిని పెట్టాలి కదా అన్నారు. ముప్ఫై నాలుగేళ్ళు సర్కారీ కచేరీలో పనిచేసినవాణ్ణి, ఆ జవాబులోని న్యాయం వెంటనే తలకెక్కింది. మూట్ కోర్టు చూపించమంటే గది తాళం తీశారు. జడ్జి బల్ల మీద, ఎవరి పెళ్ళికో తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దిగి పైకప్పు దాకా ఉన్నాయి. బోనులో చీపురు నిలబడి ఉంది.

ఇంటికొచ్చి తీరిగ్గా ఆలోచిస్తే, ఇంతకు మించిన న్యాయవిద్య లేదనిపించింది. మన బదులు ఇంకొకరు హాజరు కావడమేగా వకాలత్ అంటే! హాజరు తక్కువైందని కట్టే డబ్బు, ఆలస్యాన్ని మన్నించమని వేసే పిటిషనుకు తోబుట్టువు. సెమిస్టరు పరీక్షలో తప్పితే సప్లిమెంటరీ, అది వాయిదా. మూడేళ్ళూ కాలేజీ మొహం చూడనివాడే ముప్ఫై ఏళ్ళు తెమలని దావాను చలించకుండా నడపగలడు. రోజూ క్లాసుకెళ్ళినవాడు కంగారుపడి తొందరగా తేల్చేసే ప్రమాదం ఉంది.

2025 ఆగస్టులో బార్ కౌన్సిల్ మూడేళ్ళపాటు కొత్త లా కాలేజీలు వద్దంది. సీట్లు చాలవేమోనని కొందరు బెంగపడ్డారు. అనవసరం. కూర్చునేదెవరు?

చదువయ్యాక ఆలిండియా బార్ పరీక్ష ఒకటుంది, వంద ప్రశ్నలు. చట్టం పుస్తకం పక్కన పెట్టుకోనిస్తారు. ఏ పేజీలో ఏముందో మాత్రం చెప్పరు. వకీలుగా పేరు నమోదు చేసుకునే ఫీజు జనరల్ వాళ్ళకు 750 రూపాయలు దాటకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తేల్చాక నా బడ్జెట్ మరీ కుదురుకుంది.

లాసెట్‌లో 51 వచ్చాయి. వచ్చే రెగ్యులర్‌కీ రాని రెగ్యులర్‌కీ తేడా డబ్బు లెక్కేసుకుని, పెన్షనుదారుణ్ణి కనుక మొదటిదానికే కట్టాను. కోఠీకి వెళ్ళి పుస్తకాలు బేరమాడాను. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా. కొట్టతను రెండూ బల్ల మీద పెట్టాడు. "ఆ తేదీకి ముందు చేసిన నేరానికి పాతది, తర్వాత చేసినదానికి కొత్తది. ఏదివ్వమంటారు?" పాతది సగం ధర. మా తగాదా కూడా పాతదే. ఆ మూటే కట్టించాను.

మొదటిరోజు ఇస్త్రీ చొక్కాతో కాలేజీకెళ్ళాను. వాచ్‌మన్ లేచి నిలబడి, "ఇన్‌స్పెక్షనా సార్?" అన్నాడు. స్టూడెంటునని చెబితే నమ్మలేదు. క్లాసులో నేనూ, ఒక ఫ్యానూ. ఆఫీసులో హాజరు పట్టీ తిరగేశాను. ఆ రోజు గడిలో నా సంతకం అప్పటికే ఉంది. గుండ్రంగా, కొసన చిన్న మెలికతో, నేను పెట్టేదానికన్నా ముద్దుగా ఉంది. కింది రెండు రోజుల గడులు కూడా నిండాయి. ఆ రెండు రోజులు ఇంకా రాలేదు.

దీనికేదో సెక్షనుండాలని సంచీలోంచి పుస్తకం తీశాను. నేరం ఈ ఏటిది, పుస్తకం 1860 నాటి చట్టానిది. కొత్తది చూద్దామని లైబ్రరీకి వెళితే తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందని గుమాస్తా గారిని అడిగాను.

"లైబ్రేరియన్ దగ్గర సార్," అన్నారు. "ఆయన రాని రెగ్యులర్."